ఉన్ని ఈగ గుట్టు

చేప కోసం గాలానికి ఏం గుచ్చుతాం? వానపాము గుచ్చుతాం. లేదంటే పిండి ముద్ద పెడతాం. ఇంగ్లండులో కొందరు ఇవేవీ పెట్టరు. గాలానికి ఉన్ని చుడతారు!

అక్కడి చల్లని ఏళ్లలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. అది నీటి మీద వాలే చిన్న ఈగల్ని తింటుంది. నిజం ఈగను గాలానికి గుచ్చితే నలిగిపోతుంది. అందుకే దొంగ ఈగను కడతారు. దాని ఒంటికి బొచ్చు, కాళ్లకు ఈకలు వాడతారు.

ఈగ ఒంటి మీద రెండు మూడు రంగులుంటాయి. కాబట్టి ఒక్కోసారి ఒక రకం బొచ్చు చాలదు. కొన్ని రకాలు కలుపుతారు.

కలిపే పద్ధతి

1. కుందేలు చెవుల మీది, మొహం మీది బొచ్చు కత్తిరిస్తారు. మెత్తని బొచ్చు దారానికి అంటుకుంటుంది. బిరుసు వెంట్రుకలు ఈగ కాళ్లలా బయటికి పొడుచుకొస్తాయి. రెండూ కావాలి.

2. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి ఒక చుక్క సబ్బు నీరు వేస్తారు. అందులో బొచ్చు వేసి, మూత పెట్టి ఊపుతారు. మరీ ఎక్కువసేపు ఊపకూడదు. ఊపితే ఉన్ని గడ్డకడుతుంది.

3. వడగట్టి, మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెడతారు. ఆరాక వేళ్లతో విడదీస్తారు.

4. కొంచెం తడిపి రంగు చూస్తారు. తడిస్తే రంగు ముదురుతుంది. చేప చూసేది తడి రంగునే కదా!

5. దారానికి మైనం రాస్తారు. చిటికెడు కన్నా తక్కువ బొచ్చు తీసుకుని, దారం మీద ఒకే వైపు పురి పెడతారు. ఆ దారాన్ని గాలం కాడకు చుడతారు.

తండ్రీ కూతురూ

ఇంగ్లండులో టివర్టన్ అనే ఊరుంది. అక్కడ ఆస్టిన్ అనే ఆయన పొగాకు కొట్టు నడిపేవాడు. ఈగలు కూడా కట్టేవాడు. పొట్టేలు వృషణాల దగ్గరి ఉన్ని, కుక్క బొచ్చు, ఎర్ర రంగు మేక ఉన్ని కలిపి ఒక ఈగ కట్టాడు. 1900లో దాన్ని స్క్యూస్ అనే వకీలుకు పంపాడు. వకీలుకు చేపల పిచ్చి. ఆయన ఆ ఈగకు సరదాగా ‘పొట్టేలుకు తప్పనిసరి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈగకు గిరాకీ పెరిగింది.

కలిపే పాళ్లు ఆ ఇంటి గుట్టు. తండ్రి పోయాక కూతురు ఆ ఈగలే కట్టి అమ్మింది. గుట్టు బయటపడితే ఎవరికి వారే కట్టుకుంటారు. ఆమె పని పోతుంది. వకీలుకు అంతా తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. 1934లో ఆమె పని మానుకుంది. చెప్పమని ఒప్పుకుంది. అప్పుడే ఆయన ఆ పాళ్లు అచ్చు వేయించాడు.

ఈ పనిలో ఇంకో మాట ఉంది. ఏ బొచ్చు ఎంత కలిపామో కాగితం మీద రాసిపెట్టుకోవాలి. రాయకపోతే అదే రంగు మళ్లీ రాదు.

ఆలోచించండి: మీ ఊళ్లో ఇలా ఒక ఇంటికే తెలిసిన పని ఏదైనా ఉందా? దాన్ని రాసిపెట్టారా?