క్లీనర్ ష్రింప్ కొన్న రెండో రోజే ఎందుకు చనిపోతోంది?

ఇవాళ రీఫ్ ట్యాంక్‌లో ష్రింప్ గురించి మాట్లాడుకుందాం. రీఫ్ ట్యాంక్ అంటే తెలుసుగా, ఉప్పునీళ్ల అక్వేరియం, అందులో కోరల్స్. చాలామంది ముందు కొనేది క్లీనర్ ష్రింప్‌నే. ఎర్రటి వీపు మీద తెల్ల చార, పొడుగాటి తెల్ల మీసాలు. చేప వచ్చి నిలబడితే ఒంటి మీదకెక్కి శుభ్రం చేస్తుంది, చూడటానికి భలే ఉంటుంది. ఖరీదు కూడా తక్కువేం కాదు. తీరా తెచ్చి వేశాక రెండో రోజుకే పోతుంది.

"మన భీమవరం వైపు చెరువుల్లో వనామీ రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతోంది కదా, దీనికేమైంది?" అనిపించొచ్చు. మంచి డౌటే. వనామీ తన ఒంట్లో ఉప్పుని తనే సర్దుకోగలదు. క్లీనర్ ష్రింప్ పగడపు దిబ్బల జీవి. అక్కడ నీళ్లలో ఉప్పు దాదాపు ఒకేలా, లీటరుకి సుమారు 35 గ్రాములు ఉంటుంది. సడన్‌గా మారితే ఇది తట్టుకోలేదు.

ఇప్పుడు షాపు సంగతి చూడండి. కొన్నిచోట్ల ఉప్పు ఆదా అవుతుందని, చేపలకి పురుగులు తగ్గుతాయని సాలినిటీ తగ్గించి పెడతారు. అక్కడ 1.020, మీ ట్యాంక్‌లో 1.025. కవరు కత్తిరించి డైరెక్ట్‌గా వదిలేశారో, అయిపోయినట్టే. అందుకే డ్రిప్ పెట్టాలి. కవర్లో నీళ్లతో సహా ష్రింప్‌ని చిన్న బకెట్‌లో పోయండి. ఎయిర్ పంప్ ట్యూబ్‌కి ఒక ముడి వేసి, ట్యాంక్ నీళ్లు సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా చెయ్యండి. గంట నుంచి రెండు గంటలు. బోర్ కొడుతుంది, అయినా తప్పదు. చివర్లో రిఫ్రాక్టోమీటర్‌తో రెండు చోట్లా చూసి, సరిపోయాకే వదలండి. బకెట్ నీళ్లు మాత్రం ట్యాంక్‌లో పోయొద్దు.

తర్వాత కూడా జాగ్రత్త ఉండాలి. ఎండాకాలంలో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అప్పుడు మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే సాలినిటీ ఇంకా పెరుగుతుంది. రోజూ కొంచెం కొంచెం మంచినీళ్లే పోయాలి, అదీ టీడీఎస్ సున్నాకి దగ్గరగా ఉన్నవి. తాగే ఆర్వో నీళ్లలో రుచి కోసం కొంత టీడీఎస్ వదిలేస్తారు, మీటర్‌తో చూసుకోండి.

అన్నిటికన్నా డేంజర్ కాపర్ మందు. చేపకి తెల్ల చుక్కలు వచ్చాయని మెయిన్ ట్యాంక్‌లో కాపర్ పోస్తే చేప బతుకుతుంది, ష్రింప్ బతకదు, కోరల్స్ కూడా. రాళ్లు ఆ కాపర్‌ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి కూడా. విచిత్రం ఏంటంటే రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేదే కాపర్ ఉన్న పదార్థం. అయినా నీళ్లలో ఎక్కువైతే విషమే. చేపని వేరే ట్యాంక్‌లోకి మార్చి వైద్యం చెయ్యండి.

ఇంకో సంగతి. ఒకరోజు పొద్దున్నే అడుగున ష్రింప్ పడి ఉంటుంది, గుండె జారిపోతుంది. ఆగండి. పారదర్శకంగా, లోపల ఖాళీగా ఉంటే అది వదిలేసిన గుల్ల. అసలుది రాళ్ల మధ్య దాక్కుని ఉంటుంది. కొత్త గుల్ల గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు బయటికి రాదు. రాళ్లు కదిపి వెతక్కండి. ట్యాంక్‌లో హాక్‌ఫిష్ లాంటి రొయ్యలు తినే చేప ఉందా, ఈ మెత్తటి టైమ్‌లోనే పట్టేస్తుంది. అలాంటి చేప ఇప్పటికే ఉంటే ష్రింప్ కొనకపోవడమే బెటర్.