చిన్న మాటల్లో పెద్ద చరిత్ర

కొండాపూర్: గొర్రు ఎలా ఉంటుందో, దాని మీద జడ్డిగం ఎక్కడుంటుందో నేడు కొండాపూర్‌లో బడికి వెళ్లే పిల్లవాడికి తెలియదు. అందులో వాడి తప్పేమీ లేదు. గొర్రు తోలే చేను ఇప్పుడక్కడ లేదు. చేను పోయింది, గొర్రు అటకెక్కింది. వాటి వెనకే మాట కూడా పోతోంది.

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని కొండాపూర్ ఒకప్పుడు మిగతా పల్లెల్లాంటి పల్లే. పక్కనే ఉన్న మాదాపూర్‌లో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తరువాత ఇరవై ఏళ్లలో ఈ ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. బండరాళ్లు పగిలాయి, మేడలు లేచాయి. పాత ఊరు ఇప్పుడు చాలావరకు పేర్లలోనే మిగిలింది.

ఆ పేర్లు విప్పి చూస్తే ఊరే కనిపిస్తుంది. కొండాపూర్‌లో కొండ ఉంది. కొత్తగూడలో గూడెం ఉంది. మసీదు బండలో బండ ఉంది. గచ్చిబౌలిలో గచ్చు ఉంది, మెట్లు దిగి నీళ్లు ముంచుకునే బౌలి ఉంది. రోజూ లక్షల మంది ఈ పేర్లు పలుకుతారు. బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తప్ప వాటిని పట్టించుకునేవారు తక్కువ.

ఇలాంటి చిన్న మాటలు, చిన్న సంగతులు పట్టించుకుంటే ఏమొస్తుంది? తెలుగునాట ముగ్గురు పెద్దల పని చూస్తే సమాధానం దొరుకుతుంది. ఒకరు చక్రవర్తి, ఒకరు పత్రికా సంపాదకుడు, మరొకరు భాషా శాస్త్రవేత్త.

రాయల కంట పడిన వడియం

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలాడు. ఏనుగులు, గుర్రాలు, కోటల ముట్టడులతో గడిచిన జీవితం. అలాంటి రాజు ‘ఆముక్తమాల్యద’ రాస్తూ విలిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం దగ్గర ఆగాడు. వానకాలంలో పప్పు, వేపుడు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. ఎండాకాలంలో చారు, మజ్జిగ పులుసు, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్లు, ఊరగాయ. చలికాలంలో మిరియాల పొడి తగిలిన వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్లు, నెయ్యి, కాచిన పాలు.

ఏ కాలానికి ఏ వంట అన్నది ప్రతి ఇంట్లో ఆడవారికి తెలిసిన సంగతే. ఎండలో ఎండిన వరుగు ముసురు రోజున అక్కరకొస్తుందని పల్లెలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ తెలివినే రాయలు కావ్యానికి ఎక్కించాడు. అయిదు వందల ఏళ్ల కిందటి వంటిల్లు ఎలా ఉండేదో నేడు తెలుస్తున్నదంటే, రాజు వడియాన్ని చిన్నచూపు చూడకపోవడమే కారణం.

తాతల ఆటలే చరిత్ర

రెండో వారు సురవరం ప్రతాపరెడ్డి. పాలమూరు ప్రాంతం వారు. 1896లో పుట్టారు. నిజాం పాలనలో తెలుగు మాటకు గౌరవం దక్కని కాలంలో, 1926లో ‘గోలకొండ’ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు.

ఆయన పేరు నిలబెట్టిన మరో పుస్తకం 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఏ రాజు ఎవరిని గెలిచాడన్న దాని కంటే మన తాతలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేసుకున్నారు అన్నదే మనకు కావలసిన చరిత్ర అని ఆయన తలచారు. అందుకు పాత కావ్యాలను కొత్త చూపుతో వెతికారు. పాల్కురికి సోమనాథుడి రచనలు, శ్రీనాథుడి కావ్యాలు, ‘క్రీడాభిరామం’, ‘హంసవింశతి’ వంటివి వరసగా చదివారు. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు స్నేహితులు తిరిగిన కథ అయిన ‘క్రీడాభిరామం’లో పూటకూళ్ల ఇల్లు ఉంది, కోడి పందెం ఉంది, పొట్టేళ్ల పోట్లాట ఉంది. పండితులు అలంకారాలు వెతుక్కున్న చోట ఆయన అన్నం వెల, ఆట పేరు, నగ పేరు ఏరుకున్నారు. అర్థం తెలియని మాట ఎదురైతే దాన్ని పక్కన పెట్టక, ఆనుపానులు తెలుసుకునేవరకు వదల్లేదు.

ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న మొదటి పుస్తకం అదే. అయితే 1953లోనే ఆయన కన్నుమూశారు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరు పెట్టారు.

రైతు నోటి మాటకు నిఘంటువు

మూడో వారు కొండాపూర్‌కు కూతవేటు దూరంలోనే పనిచేశారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి 1986 నుంచి 1993 వరకు ఉపాధ్యక్షుడిగా ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల అధ్యయనంలో ప్రపంచమంతా పేరెన్నికగన్నవారు. 1928లో ఒంగోలులో పుట్టి 2012లో కన్నుమూశారు.

అంతకు చాలా ముందే ఆయన ఒక వింత పనికి పూనుకున్నారు. పండితుల పుస్తకాలు పక్కన పెట్టి, పల్లెల్లో రైతుల నోటి మాటలను సేకరింపజేశారు. నాగలికి ఎన్ని భాగాలు, ఒక్కొక్క దాన్ని ఏ ప్రాంతంలో ఏమంటారు అని అడిగి రాయించారు. అలా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున 1962లో వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వెలువడింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. తెలుగులో నాలుగు మాండలిక ప్రాంతాలు ఉన్నాయని ఆయన గీత గీసి చూపడానికి రైతుల మాటలే ఆధారమయ్యాయి.

ఒక గింజనే కళింగాంధ్రలో చోళ్లు అంటారు, మరోచోట రాగులు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. రాయలసీమలో మడక అన్నదే ఇతర చోట్ల నాగలి. కోస్తాలో తిరగలి ఇక్కడ ఇసుర్రాయి. అక్కడి కల్లాపి ఇక్కడ సాన్పి. ఇవన్నీ తెలుగే. ఒకటి గొప్పది, మరొకటి మోటుది అనడానికి వీల్లేదు. బడిలో పంతులు ‘తైదలు’ కొట్టేసి ‘రాగులు’ అని దిద్దితే, కొట్టివేతకు గురయ్యేది అక్షరాలొక్కటే కాదు. ఆ పిల్లవాడి నాయనమ్మ నోటి మాట కూడా.

పోయే మాటకు గడువు

మాటకు ప్రాణం వస్తువులో ఉంటుంది. కరెంటు మోటారు వచ్చాక మోట పోయింది. మోటతో పాటు బొక్కెన, తొండం, మోకు, గిరక వాడుక నుంచి జారిపోయాయి. ట్రాక్టరు వచ్చాక కర్రు, మేడి మాటలు మూలన పడ్డాయి. మిక్సీ వచ్చి రోలును పెరట్లోకి నెట్టింది. కష్టం తగ్గింది, దాన్ని ఎవరూ కాదనరు. మోట తోలిన ఎద్దుకూ మనిషికీ ఆ కష్టం మళ్లీ రావాలని కోరుకునేవారుండరు. కానీ మాటను దాచుకోవడానికి కష్టాన్ని దాచుకోనక్కరలేదు. నోటు పుస్తకం చాలు.

కొండాపూర్‌కు వచ్చిన మార్పు ఇప్పుడు జిల్లాలోని మిగతా ఊళ్ల వైపూ నడుస్తోంది. చేను ప్లాటవుతున్న ప్రతి ఊళ్లోనూ ఆ చేను పేరు, గట్టు పేరు, బావి పేరు తెలిసినవారు ఇంకా ఉన్నారు. వారి తరువాత అడగడానికి ఎవరూ మిగలరు. గడువంటే అదే.

పని పెద్దదేమీ కాదు. ఇంట్లో పెద్దవారిని ఒక్క పనిముట్టు గురించి అడగాలి. మాట ఏమిటి, వస్తువు ఎలా ఉంటుంది, దేనికి వాడతారు, ఏ ఊళ్లో అలా అంటారు అన్న నాలుగు సంగతులు రాసుకోవాలి. పక్కన బొమ్మ గీస్తే మరీ మంచిది. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, మగ్గం గుంత, వంటిల్లు, ఏదైనా సరే. బడి పంతుళ్లు సెలవుల్లో పిల్లలకు ఈ పని అప్పగిస్తే, ఒక్కో ఊరికి ఒక్కో పదకోశం తయారవుతుంది.

ఇంత మార్పులోనూ కొండాపూర్‌లో చిన్న ఆనందాలు మిగిలే ఉన్నాయి. తొలకరి పడగానే రోడ్డు పక్కన బండి మీద మక్క కంకులు కాలుతాయి. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో చెట్ల నీడన పొద్దున్నే జనం నడుస్తారు. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు అమ్మకానికి వస్తాయి. అపార్టుమెంట్ల ముంగిట ఆడపడుచులు గుండ్రంగా తిరుగుతారు. గునుగు ఎక్కడ పూస్తుందని ఆ గుంపులో ఒక పిల్ల అడిగితే, చేని గట్టున అని చెప్పగల అవ్వ ఇంకా ఆ మేడల్లోనే ఏదో ఒక ఇంట్లో ఉంది. అడిగేవారి కోసమే ఆమె చూస్తోంది.