ఓడినవాడికే మొదటి వంతు

మీరు జట్లు పంచుకునేటప్పుడు మొదట కోరుకునే వంతు ఎవరికిస్తారు? అమెరికాలో కోలబంతితో ఆడే ఫుట్‌బాల్‌లో, కిందటి ఏడు అందరికన్న అడుగున ఉన్న జట్టుకిస్తారు! కాలేజీలనుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను ఇలా వంతులవారీగా కోరుకోవటాన్ని డ్రాఫ్ట్ అంటారు. గెలిచే జట్టే ఏటేటా బలపడుతూంటే ఆట ఎవరు చూస్తారు? అందుకని ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ ఈ ఉపాయం చెప్పాడు. అడుగున ఉన్నది ఆయన జట్టే లెండి! 1936లో అది మొట్టమొదట కోరుకున్న జే బెర్వాంగర్, తీరా చూస్తే, ఆ లీగులో ఒక్క ఆటైనా ఆడలేదు. 2000లో 198 మంది తరవాత గాని పిలుపు రాని టామ్ బ్రేడీయో, ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచాడు.

కొత్తవాడు ఆరితేరేదాకా ఆగలేని జట్టు, ఒప్పందం గడువు తీరిన అనుభవశాలిని మంచి జీతమిచ్చి పిలుచుకుంటుంది. 1993లో గ్రీన్ బే జట్టు రెజీ వైట్‌ను అలాగే తెచ్చుకుని, 1997 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది.