గడ్డివేరు పెట్టే తిండి

పిల్లలూ! తొలకరి చినుకులు పడగానే ఎర్రనేల కమ్మని వాసన వేస్తుంది కదా! ఆ వాసన చాలావరకు జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని తయారుచేసేవి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా. అంటే, నెలల తరబడి ఎండిన మన అనంతపురం నేలలో కూడా ప్రాణులున్నాయన్నమాట. మరి వాటికి తిండి పెట్టేదెవరు?

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. గుట్ట మీది బోదగడ్డి మొదట్లోంచి ఒక మట్టిపెళ్ళ, పక్కనున్న వేరుశనగ చేనులోంచి మరొకటి తెచ్చి, నీడన బాగా ఆరబెట్టండి. రెండు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోసి, దోమతెర గుడ్డలో పెట్టి పెళ్ళలను మెల్లగా దించండి. మా బడిపిల్లలు చేసినప్పుడు చేని పెళ్ళ అయిదు నిమిషాల్లోనే విడిపోయి అడుక్కు చేరింది. గడ్డి కింది పెళ్ళ చాలాసేపు నిలిచింది. రెండూ ఎర్రమట్టే. మరి ఈ తేడా ఎందుకు?

ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకొని, ఎండ సాయంతో చక్కెర తయారుచేస్తుంది. ఆ కర్బనంలో ధాన్యపు పైర్లు 20 నుండి 30 శాతం, పచ్చికబయళ్ళ మొక్కలు 30 నుండి 50 శాతం నేలలోకి పంపుతాయని శాస్త్రజ్ఞుల అంచనా. అందులో ఎక్కువ భాగం వేళ్ళ పెరుగుదలకు, శ్వాసకు ఖర్చవుతుంది. కొంత మాత్రం చక్కెరలుగా, ఆమ్లాలుగా వేళ్ళనుండి బయటికి ఊరుతుంది. బెల్లానికి చీమలు మూగినట్లు బాక్టీరియా, శిలీంధ్రాలు అక్కడ మూగుతాయి. వేరు చుట్టూ ఉండే ఈ మట్టికి 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్‌నర్ 'రైజోస్ఫియర్' అని పేరు పెట్టాడు.

తిన్నవి ఊరికే ఉండవు. శిలీంధ్రాల పోగులు దూరాన ఉన్న భాస్వరాన్ని వేరుకు తెచ్చిపెడతాయి. బాక్టీరియా జిగురు మట్టిరేణువులను అతుకుతుంది. చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలు కూడా రేణువులను అంటిపెట్టుకొని ఏళ్ళ తరబడి నిలుస్తాయి. గడ్డి కింది పెళ్ళ నీళ్ళలో నిలిచిందంటే కారణం ఇదే. అలాంటి నేలలో వాననీరు బాగా ఇంకుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే మన ప్రాంతానికి ఇంతకన్నా కావలసిందేముంది?

వేరుశనగ చెట్టును మనం వేళ్ళతో పీకి, కాయలు తీసుకొని, కట్టెను వామి వేస్తాం. పశువులకు మేత కావాలి, రైతును తప్పుపట్టలేం. కాని ఆ తరువాత మళ్ళీ విత్తేదాకా చేను బోసిగా ఉంటుంది. తిండి లేక సూక్ష్మజీవులు తగ్గుతాయి, జిగురు తగ్గుతుంది, పెద్దవానకు మట్టి కొట్టుకుపోతుంది. గడ్డిబీళ్ళకూ ఈ ముప్పుంది. మందలు అదేపనిగా మొదలంటా మేస్తే ఆకు ఉండదు. ఆకు లేనిదే వేరుకు చక్కెర అందదు.

ఉపాయం మన పెద్దలకు తెలిసిందే. వేరుశనగలో కంది సాళ్ళు వేస్తారు. వేరుశనగ పీకాక కూడా కంది నెలల తరబడి చేనులో నిలిచి, వేళ్ళతో తిండి పెడుతుంది, ఆకు రాలుస్తుంది. పశువుల ఎరువు తోలితే మేతగా పోయిన కర్బనంలో కొంత తిరిగి చేనికి చేరుతుంది.

కంది సాలు మొదట్లోని పెళ్ళ ఎంతసేపు నిలుస్తుందో మీరే పరీక్షించి, మీ నోటుబుక్కులో రాసుకోండి.