నిద్రపోయిన కంప్యూటర్ లేవకపోతే?

సుచిత్ర కూడలి మీదుగా కొంపల్లి, మేడ్చల్ వైపు సాగిపోయే జాతీయ రహదారిని రాత్రి బాగా పొద్దుపోయాక ఎప్పుడైనా చూశారా? దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. లోపల దీపాలు ఆరిపోయి ఉంటాయి. బయట వాచ్‌మన్ మాత్రం మేలుకుని ఉంటాడు. తెల్లవారి యజమాని వచ్చేసరికి ఎక్కడి సరుకు అక్కడే ఉంటుంది. షట్టరు ఎత్తి బేరం మొదలుపెట్టడమే తరువాయి!

కంప్యూటర్ నిద్ర కూడా ఇలాంటిదే. దీన్నే 'సస్పెండ్' అంటారు. తెర ఆరిపోతుంది, ఫ్యాను ఆగిపోతుంది, ప్రాసెసర్ పని మానేస్తుంది. మెలకువగా ఉండే వాచ్‌మన్ 'ర్యామ్' అనే మెమరీ.

ఈ నిద్ర వల్ల లాభమేమిటి? ఒక బడిలో 20 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. పని లేకుండా వెలుగుతూ ఉన్నప్పుడు ఒక్కొక్కటి 50 వాట్లు వాడుకుంటుందనుకుందాం. సాయంత్రం నుంచి ఉదయం దాకా 14 గంటలు అలాగే వదిలేస్తే 20 × 50 × 14 = 14,000 వాట్-గంటలు. అంటే ఒక్క రాత్రికే 14 యూనిట్ల విద్యుత్తు వృథా అన్నమాట! నిద్రపుచ్చితే ఇందులో చాలా భాగం మిగులుతుంది. అయినా చాలామంది కంప్యూటర్‌ను నిద్రపుచ్చడానికి జంకుతారు. "మళ్ళీ లేవకపోతే?" అన్నదే వారి భయం. ఆ భయం తీరాలంటే నిద్ర ఎలా వస్తుందో ముందు తెలుసుకోవాలి.

రెండు రకాల నిద్ర

ర్యామ్‌లోని ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క బుల్లి కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. చిల్లు కుండలో నీళ్ళలా ఈ ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకని సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా దాన్ని మళ్ళీ నింపాలి. సస్పెండ్‌లో ఉన్న కంప్యూటర్ కొద్దిపాటి విద్యుత్తు తీసుకునేది ముఖ్యంగా దీనికే. ఆ సమయంలో కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి నిద్రపుచ్చే ముందు మీరు రాసుకున్నది భద్రపరచడం మరిచిపోకండి.

రెండో రకం 'హైబర్నేట్'. ఇందులో ర్యామ్‌లోని సమాచారాన్ని డిస్కు మీద రాసి, కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది. కరెంటు పోయినా భయం లేదు. అయితే డిస్కులో 'స్వాప్' అనే చోటు చాలినంత ఉండాలి. అది చాలకపోతే ఈ నిద్ర పట్టనే పట్టదు.

ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు 1996లో 'ఏసీపీఐ' అనే నిబంధనావళిని ప్రకటించాయి. దాని ప్రకారం మొదటి నిద్రకు ఎస్-3 అనీ, రెండోదానికి ఎస్-4 అనీ పేర్లు.

నిద్రకూ ఒక వరుస ఉంది

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో 1969లో యూనిక్స్ పుట్టింది. ఆ పద్ధతిలోనే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించాడు. మన హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులో కూడా అందించింది. లినక్స్‌లో ఒక సౌకర్యం ఉంది. యంత్రం లోపలి సంగతులు ఎన్నో మనకు ఫైళ్ళ రూపంలో కనబడతాయి. రోగికి నాడి చూసినట్టు వాటిని చదవవచ్చు.

లినక్స్ నిద్రపోయే వరుస ఇది: మొదట ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడ స్తంభిస్తాయి. తరువాత డిస్కు, గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలు విశ్రమిస్తాయి. ఆపైన మదర్‌బోర్డుకు కబురు వెళుతుంది. ఒక్కటి తప్ప మిగతా ప్రాసెసర్ కోర్‌లు ఆగుతాయి. చివరికి ఆ ఒక్కటీ ఆగుతుంది. లేచేటప్పుడు ఇదంతా తలకిందుల వరుసలో జరుగుతుంది.

మరి తప్పు ఏ మెట్టు మీద జరిగిందో కనిపెట్టడం ఎలా?

'పీఎం టెస్ట్' అనే ఫైలు ఉన్నది ఇందుకే. అందులో 'ఫ్రీజర్' అని రాసి నిద్రపుచ్చితే, కంప్యూటర్ మొదటి మెట్టు మాత్రమే దిగి, 5 సెకన్లు ఆగి, తిరిగి లేస్తుంది. లేచిందా? అయితే 'డివైసెస్' అని రాయండి. ఈసారి రెండో మెట్టు దాకా వెళుతుంది. ఇలా ఒక్కొక్క మెట్టే దిగుతూ పోతే, ఎక్కడ లేవలేదో అక్కడే దొంగ దొరికినట్టు! ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం ప్రయోగశాలలో మీరు పాటించే సూత్రమే కదూ?

కొన్నిసార్లు కంప్యూటర్ లేస్తుంది కాని తెర వెలగదు. అప్పుడు క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే కంప్యూటర్ బతికే ఉందన్నమాట. అనుమానించవలసింది గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవరును. మరికొన్నిసార్లు కంప్యూటర్ నిద్రపోయిన మరుక్షణమే లేచి కూర్చుంటుంది. మౌసో, నెట్‌వర్క్ కార్డో తట్టి లేపుతూ ఉండవచ్చు. లేపే హక్కు ఎవరెవరికి ఉందో 'వేకప్' అనే ఫైలు చెబుతుంది.

సాక్షి గడియారం

అన్నిటికన్నా చిక్కు సమస్య మరొకటి ఉంది. కంప్యూటర్ లేస్తూ లేస్తూ మధ్యలో బిగుసుకుపోయింది. తెర లేదు, డిస్కు లేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఎక్కడ రాసుకోవాలి? ర్యామ్‌లో రాస్తే, తిరిగి ప్రారంభించగానే అది చెరిగిపోతుంది.

2006లో టోర్వాల్డ్స్ దీనికొక ఉపాయం పన్నాడు. ఏం జరిగినా చెరగనిది మదర్‌బోర్డు మీది గడియారం ఒక్కటే. దాని వెనుక చిన్న బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్ లేచేటప్పుడు ప్రతి పరికరం వంతు రాగానే, దానికొక గుర్తు సంఖ్య కట్టి, ఆ సంఖ్యనే తేదీగా, సమయంగా మార్చి గడియారంలో పెడతారు! బిగుసుకుపోయాక 3 నిమిషాల లోపు తిరిగి ప్రారంభిస్తే, ఆ తప్పుడు తేదీని చదివి ఏ పరికరం దగ్గర ఆగిందో లినక్స్ చెబుతుంది.

సెకన్లను ఎందుకు వాడలేదు? ఈలోగా గడియారం నడుస్తూనే ఉంటుంది కనుక. నిమిషాలను కూడా మూడేసి చొప్పున 20 భాగాలు చేశారు. సంవత్సరాలు 100, నెలలు 12, రోజులు 28, గంటలు 24, నిమిషాల భాగాలు 20. వీటిని గుణిస్తే 1,61,28,000. అన్ని వేర్వేరు గుర్తులు గడియారంలో పడతాయి. అయినా ఒకే గుర్తు ఒక్కోసారి రెండు పరికరాలకు రావచ్చు. కనుక సాక్షి మాటను మరో పరీక్షతో సరిచూసుకోవాలి.

ఈ పరీక్షలు చేయాలంటే మీ ఉపాధ్యాయుల అనుమతి, కంప్యూటర్ నిర్వాహకుని పాస్‌వర్డు కావాలి. ముందుగా ఫైళ్ళన్నీ భద్రపరచండి. పని ముగిశాక 'పీఎం టెస్ట్'లో 'నన్' అని రాయండి. గడియారాన్ని వాడితే దాన్ని సరిచేయండి.

చివరగా ఒక ప్రశ్న: నెలకు 30 రోజులో 31 రోజులో లెక్కించక, 28 తోనే ఎందుకు సరిపెట్టుకున్నారు? మీ క్యాలెండరు తీసి రెండో నెల చూడండి. జవాబు అక్కడే ఉంది!