12 గీతలు, 96 జతలు

బటన్ నొక్కగానే డ్యాష్‌బోర్డు మీద దీపావళి. బ్రేకు గుర్తు, స్టీరింగు గుర్తు, వాటి మధ్య ఆశ్చర్యార్థకం మోస్తున్న పసుపు కారు బొమ్మ. పదేళ్లు దాటిన ఎలక్ట్రిక్ కారు నిస్సాన్ లీఫ్‌ను చలికాలం పొద్దున్నే బయటికి తీయబోయినవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. మనసు వెంటనే సీట్ల కిందున్న పెద్ద బ్యాటరీ మీదికి పోతుంది. అదే పోయిందంటే లక్షల మాట మరి! కానీ చాలాసార్లు దొంగ అక్కడ ఉండడు. బానెట్ ఎత్తితే కనిపించే మామూలు 12 వోల్టుల సీసం బ్యాటరీలో ఉంటాడు.

దాదాపు 400 వోల్టుల కారును నిద్ర లేపాల్సింది ఈ చిన్నదే. కారు ఆపి ఉన్నంతసేపూ పెద్ద బ్యాటరీకీ మిగతా కారుకూ మధ్య దారి తెగి ఉంటుంది. ఆ దారిని కలిపేవి కాంటాక్టర్లు, అంటే బలమైన రిలేలు. వాటిని లాగి పట్టుకునే కరెంటూ, కారులోని కంప్యూటర్లను మేల్కొలిపే కరెంటూ 12 వోల్టులదే. చిన్న బ్యాటరీ నీరసించి ఉంటే ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది. బ్రేకు కంప్యూటరుకు పక్క కంప్యూటరు జవాబు అందదు. దాని మీద ఫిర్యాదు రాసి పెట్టుకుంటుంది. అది ఇంకోదాని మీద రాస్తుంది. మనకు కనిపించేది ఆ ఫిర్యాదుల కుప్ప.

పెట్రోలు కారులో అయితే బ్యాటరీ చావబోయే ముందు స్టార్టరు మూలుగుతుంది. రెండు రోజుల ముందే చెవికి తెలుస్తుంది. ఇక్కడ స్టార్టరే లేదు, మూలుగూ లేదు. అందుకే నేనైతే ముందు మల్టీమీటరు తెమ్మంటాను. రాత్రంతా కదలని కారులో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా తక్కువైతే అనుమానం దాని మీదే. కారు ఆన్ చేశాక 13 దాటితే పెద్దది చిన్నదానికి సరిగ్గానే అన్నం పెడుతోందన్నమాట. తొలినాళ్ల లీఫ్‌లలో ఖరీదైన రకానికి వెనక రెక్క మీద చిన్న సౌరఫలకం ఉండేది. కారు ఎండతో నడుస్తుందనుకుంటే పొరపాటు. అది పోషించింది ఈ 12 వోల్టులవాణ్నే.

చిన్నది బాగానే ఉందని తేలాకే పెద్దదాని జాతకం చూడాలి. లీఫ్ 2010 డిసెంబరులో జపాన్‌లో, అమెరికాలో కొనుగోలుదారుల చేతికొచ్చింది. 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అందులో పలచటి సంచుల్లాంటి 192 సెల్‌లు. రెండేసి సెల్‌లు ఒక జత. అలాంటి 96 జతలు వరసగా గొలుసు కట్టాయి. నాలుగేసి సెల్‌లు ఒక డబ్బాలో చొప్పున 48 డబ్బాలు. వీటన్నిటినీ ఒక ఉక్కు పెట్టెలో పెట్టి మూసేశారు. చల్లబరచడానికి నీళ్ల గొట్టాలు లేవు, ఫ్యానూ లేదు. బరువూ ఖర్చూ తగ్గాయి, నిజమే. ఆ పొదుపుకు వడ్డీ తర్వాత కట్టాల్సి వచ్చింది.

పెట్రోలు కారు ఎంత ముసలిదైనా ట్యాంకు చిన్నదవదు. బ్యాటరీ ట్యాంకు ఏటా కాస్త కాస్త కుంచించుకుపోతుంది. అది చూపించడానికి మీటరు అంచున 12 గీతలు పెట్టారు. మొదటి గీత పోవాలంటే సామర్థ్యం 15 శాతం తగ్గాలి. ఆ తర్వాత ఒక్కో గీతకు 6 శాతం చిల్లర. మొదటి గీతకే ఇంత ఓపిక ఎందుకు? నాకైతే అది కొలతలా కాదు, కొత్త యజమానికి చేసిన మర్యాదలా కనిపిస్తుంది.

ఆ మర్యాద అరిజోనాలో నిలవలేదు. ఫీనిక్స్‌లో వేసవి నెలల తరబడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. మన రెంటచింతలను తీసుకెళ్లి ఎడారిలో పెట్టినట్టు. ఈ సెల్‌లలో ధన ధ్రువం ఎక్కువగా మాంగనీసుది. వేడెక్కినకొద్దీ ఆ మాంగనీసు ద్రావణంలోకి కరిగి, అవతలి గ్రాఫైట్ మీద చేరి, దాని రక్షణ పొరను చెడగొడుతుంది. కారును నిండా ఛార్జి చేసి ఎండలో వదిలేస్తే ఇంకా త్వరగా అరిగిపోతుంది. 2012 వేసవిలో అక్కడి కార్లు రెండేళ్లయినా నిండకుండానే గీతలు రాల్చడం మొదలుపెట్టాయి. యజమానులు కోర్టుకెక్కారు. ఆ డిసెంబరులో కంపెనీ దిగొచ్చి, 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల లోపు 9 గీతల కన్నా తగ్గితే బాధ్యత తనదంది. వేడిని మెరుగ్గా తట్టుకునే రసాయనం 2015 మోడల్‌కు గానీ రాలేదు. ఎడారిలో బతికే జీవి కాబట్టి కాబోలు, దానికి బల్లి బ్యాటరీ అని పేరు పడింది.

గీతలు తగ్గడం ముసలితనం. జబ్బు వేరు. ఇంకా 40 శాతం ఛార్జి ఉందనుకుంటూ ఎత్తు ఎక్కుతుంటే హఠాత్తుగా తాబేలు బొమ్మ వెలుగుతుంది, కారు ఈడ్చుకుంటూ నడుస్తుంది. అప్పుడు స్టీరింగు కింది సాకెట్‌లో బ్లూటూత్ పరికరం గుచ్చి, ఫోనులో లీఫ్‌స్పై అనే యాప్ తెరిస్తే 96 జతలూ 96 కడ్డీలుగా నిలబడతాయి. కారు ఆగి ఉంటే అన్నీ ఒకే ఎత్తు, మహా అయితే 10, 20 మిల్లీవోల్టుల తేడా. యాక్సిలరేటరు తొక్కినప్పుడు చూడాలి. అన్నీ కొంచెం వంగితే ఒకటి మాత్రం కూలబడుతుంది. గొలుసులో కరెంటు అన్నిటి గుండా ఒకేలా పారాల్సిందే గనక మిగిలిన 95 జతల బలం ఎందుకూ కొరగాదు. ఆ ఒక్క జతనూ చంపకుండా ఉండటానికి కంప్యూటరు కారు మొత్తాన్ని తాబేలును చేస్తుంది.

అంతమాత్రాన ఆ జత చచ్చిందని తేల్చేయకూడదు. డబ్బాలను కలిపే లోహపు పట్టీకి చిలుం పట్టినా, బోల్టు వదులైనా ఇదే లక్షణం. ఆ అతుకులో ఒక్క మిల్లీఓమ్ నిరోధం ఉన్నా 200 ఆంపియర్లు పారినప్పుడు 0.2 వోల్టులు అక్కడే పోతాయి, ఆ నేరం పక్కనున్న జత ఖాతాలో పడుతుంది. నిజంగా సెల్ పోతే ఆ డబ్బా ఒక్కటే మార్చవచ్చు. కొత్తది తెచ్చి లాభం లేదు, మిగతావాటి వయసుదే కావాలి, బిగించే ముందు వోల్టేజి కూడా వాటితో సమం చేయాలి. ఇది పెరట్లో చేసే పని కాదు. శిక్షణ ఉన్న మెకానిక్ ముందుగా వెనక కాళ్ల దగ్గర కార్పెట్ కింద ఉన్న సర్వీసు ప్లగ్ లాగేస్తాడు. ఆ తర్వాత పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంటాడు, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోయేదాకా. ఆ పది నిమిషాలు ఓపిక పట్టనివాడి చేతికి నా కారు ఇవ్వను.

కారుకు పనికిరాకుండా పోయిన బ్యాటరీలు అన్నీ తుక్కులోకి పోవడం లేదు. ఫుకుషిమా దగ్గర నమియె ఊళ్లో 2018లో తెరిచిన ఫ్యాక్టరీలో వాటిని విప్పి, బాగున్న డబ్బాలు ఏరి, మళ్లీ కడుతున్నారు. 2021లో జోబన్ రైలు మార్గంలో ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర వాటిని అత్యవసర విద్యుత్తు కోసం పెట్టి చూశారు. కరెంటు పోయినా గేటు పడటానికీ, గంట మోగడానికీ. అక్కడ అంతకుముందు ఆ పని చేస్తూ వచ్చింది సీసం బ్యాటరీలే.