దయ్యం పెట్టుకున్న అర్జీ

ఈ మధ్య మన కుటుంబాలలో చిన్నా పెద్దా కొరియా దేశపు సీరియళ్ళకు అలవాటు పడినారు. అందులో ప్రేమ, దయ్యం, హత్యా రహస్యం మూడూ కలిసిన కథలంటే మరీ మోజు. అటువంటి వాటిలో ఒకదానిని గురించి పాఠకులతో నాలుగు మాటలు చెప్పుకొనదలచినాము. దాని పేరు "అరాంగ్, మేజిస్ట్రేటు". 2012 ఆగస్టు నుండి అక్టోబరు వరకు దక్షిణ కొరియాలో ఎం.బి.సి. టెలివిజనువారు 20 భాగాలుగా ప్రసారం చేసినారు. నాయకుడు లీ జూన్‌గి, నాయిక షిన్ మినా.

ఇది రచయితలు ఊరికే అల్లిన కథ కాదు. ఆ దేశపు దక్షిణ భాగాన మిర్యాంగ్ అనే ఊరు ఉన్నది. అక్కడ ఏటి ఒడ్డున ఎత్తైన గట్టు మీద యోంగ్‌నమ్‌ను అనే పెద్ద మంటపం ఉన్నది. ఇప్పుడున్న కట్టడం 1844లో తిరిగి కట్టినది. 2023లో ప్రభుత్వం దానిని జాతీయ సంపదగా ప్రకటించినది. ఆ మంటపం దిగువన అరాంగ్ పేర చిన్న గుడి ఉన్నది. కథ 16వ శతాబ్దంలో జరిగినదని చెప్పుకొంటారు.

అరాంగ్ ఆ ఊరి అధికారి కూతురు. తల్లి చిన్నతనాననే పోగా దాది పెంచినది. కచేరీలో పనిచేసే నౌకరు ఒకడు ఆ పిల్ల మీద కన్ను వేసి, దాదిని లోబరచుకొన్నాడు. వెన్నెల చూతము రమ్మని దాది పిల్లను మంటపానికి తీసుకొనిపోయి, తాను తప్పుకొన్నది. పిల్ల లొంగలేదు. వాడు పొడిచి చంపి, శవాన్ని వెదురు పొదలలో పడవేసినాడు. తెల్లవారి పిల్ల కనబడకపోయేసరికి, ఎవరితోనో లేచిపోయినదనే అందరూ అనుకొన్నారు. తండ్రి కూడా అదే నమ్మి, తల ఎత్తుకొనలేక ఉద్యోగం వదలి రాజధానికి వెళ్ళిపోయినాడు.

ఆ తరువాత ఆ ఊరికి వచ్చిన ప్రతి అధికారీ మొదటి రాత్రే ప్రాణం విడిచేవాడు. జుట్టు విరబోసుకొని నెత్తుటితో ఒక ఆడపిల్ల ఎదుట నిలబడితే గుండె ఆగిపోయేది. చివరకు ధైర్యవంతుడొకడు వచ్చి, "నీకేమి కావలె?" అని అడిగినాడు. పిల్ల జరిగినదంతా చెప్పినది. మరునాడు హంతకుడు దొరికినాడు, శవానికి సంస్కారం జరిగినది. దయ్యం మరి కనబడలేదు.

కాగితాల మధ్య కాలం గడిపే మావంటి గుమాస్తాలకు ఈ కథలో ఒక సంగతి వెంటనే తట్టుతుంది. ఆ పిల్ల ఎవరినీ చంపవలెనని రాలేదు. అర్జీ ఇవ్వడానికి వచ్చినది. ఆ కాలపు కొరియాలో ఊరి అధికారి అంటే పన్నులు వసూలు చేసేవాడూ ఆయనే, తీర్పు చెప్పేవాడూ ఆయనే. ఆయన దగ్గరకు గాక మరెక్కడికి పోవలెను? మన వైపు అర్జీ విచారణకు రాకముందే అధికారికి బదిలీ అవుతుంది. మిర్యాంగ్‌లో ప్రాణమే పోయినది. తేడా అంతే. అర్జీదారు మాత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పుకొనవలసినదే.

కొరియావారికి ఇటువంటి కథలు మరికొన్ని ఉన్నవి. "జాంగ్‌హ్వా, హోంగ్‌న్యోన్" అనే అక్కచెల్లెళ్ళ కథలోనూ ఇంతే. సవతితల్లి అక్కమీద అపవాదు వేసి చంపిస్తుంది. చెల్లెలు ఆ దుఃఖంతో అదే దారి పడుతుంది. ఇద్దరూ దయ్యాలై అధికారి దగ్గరకే న్యాయం అడగడానికి వస్తారు.

ఇక సీరియల్ సంగతి. పాత కథలో అరాంగ్‌కు తనను చంపినవాడెవడో తెలుసు. సీరియల్‌లో అదీ తెలియదు. తన పేరు తెలియదు, తల్లిదండ్రులెవరో తెలియదు, ఎందుకు చచ్చినదో తెలియదు. నాయకుడు యున్ఓ పెద్దింటి బిడ్డడే గాని దాసికి పుట్టినవాడు. తప్పిపోయిన తల్లిని వెదుకుతూ ఆ ఊరు వస్తాడు. అతనికి దయ్యాలు కనబడుతవి, కాని కనబడనట్టు నటిస్తాడు. ఒక్కదాని మొర ఆలకిస్తే వెనుక పది వచ్చి నిలుస్తవని అతని భయం. కచేరీలోని ముగ్గురు ఉద్యోగులు, కుర్చీ ఖాళీగా ఉండరాదని, ఇతనిని పట్టి అధికారిగా కూర్చోబెడతారు. ఆ ముగ్గురి తంతు చూచి మేము నవ్వు ఆపుకొనలేకపోయినాము. తాను తల్లికి ఇచ్చిన జడపిన్ను అరాంగ్ దగ్గర కనబడేవరకు యున్ఓ ఆమె మాట చెవిని పెట్టడు. స్వంత అక్కరతో మొదలైన విచారణ మెల్లగా ఆమె కొరకై సాగుతుంది. ప్రేమ పుట్టేది అక్కడ. పాటలు, పూలతోటలు కాదు, ఒకరు చెప్పినది మరొకరు ఓపికగా వినడమే వారి ప్రేమ.

మనవారికి పరిచితమైన వారొకరు ఈ కథలో ఉన్నారు. ఆయన యముడు. బౌద్ధంతో పాటు మన దేశం విడిచి, చీనా మీదుగా కొరియా చేరి, అక్కడ "యొమ్‌రా" అయినాడు. సీరియల్‌లో ఆయన దేవలోకపు రాజుతో పలక మీద రాళ్ళ ఆట ఆడుతూ మనుషుల గతి నిర్ణయిస్తూంటాడు. అరాంగ్‌కు తిరిగి శరీరమిచ్చి, మూడు పున్నముల లోపల నిజం తెలుసుకొని రమ్మని గడువు పెడతారు. ఆరుబయట అన్నం తినేముందు చిటికెడు తీసి "గోసురే" అని విసరడం ఆ దేశపు పాత ఆచారం. కాకిముద్ద పెట్టే మన ఇళ్ళలో దీనికి వేరే వివరణ అక్కరలేదు.

ముగింపు చెప్పము, చూడదలచిన వారి ముచ్చట చెడగొట్టడం న్యాయం కాదు. కొన్ని భాగాలు సాగదీసినట్లుంటవి, దేవలోకపు చిక్కుముళ్ళు ఒక పట్టాన విడవు. చిన్నపిల్లలు రాత్రిపూట చూచి జడుసుకొనే సన్నివేశాలు కూడ ఉన్నవి.

కాని మమ్ము పట్టుకొన్నది దయ్యం భయం కాదు, పాత కథలోని ఆ తండ్రి సంగతి. కూతురు కనబడనినాడు ఊరు ఒక మాట అనుకొన్నది, తండ్రి దానిని నమ్మినాడు. వెదురు పొదలు మంటపానికి ఎంతో దూరం లేవు. వెదికితే దొరికి ఉండేది. మన ఆడపిల్లలు కూడ చదువులకు, ఉద్యోగాలకు ఊరు దాటి పోతున్నారు. రైలు తప్పి ఒక పూట ఆలస్యమైతే చాలు, ఇంట్లోవారికంటె ముందు ఇరుగుపొరుగు కథ అల్లుతారు. మన సంఘం చిన్నది, అందరికీ అందరూ తెలిసినవారు. మాట ఒక వీధినుంచి ఇంకొక వీధికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. అటువంటప్పుడు ఊరి మాట వినవలెనా, పిల్ల మాట వినవలెనా అన్నది ఇంటి పెద్దలు ముందే తేల్చుకొని ఉండడం మంచిది. అరాంగ్ గోడు వినడానికి ఎవరో పరాయి ఊరి అధికారి రావలసి వచ్చినది. ఆమెకు తండ్రి ఉండగానే.